పిట్టకథలో ఉన్నది పక్షేనా?

కంటోన్మెంట్ వాసి, విజయనగరం:
పొద్దున్నే మూడులాంతర్ల దగ్గర టీ తాగుతూ పేపరు తెరిచాను. మొదటి పేజీలో సగం, సెల్‌ఫోను ఎత్తుకెళ్లిన కోతి. ఉద్దానం కిడ్నీ రోగుల వార్త లోపలెక్కడో నాలుగు లైన్లు. మా తాత అనే మాట నాలుక మీదికొచ్చి ఆగిపోయింది. "పిట్టకథ చెప్పి పెద్దకథ..." ఎగ్గొట్టాడనేవారా, ఎగరగొట్టాడనేవారా?

టెక్కలి మాస్టారు:
ఎగ్గొట్టాడు. అప్పు ఎగ్గొట్టడం, బడి ఎగ్గొట్టడం లాంటిదే. చెప్పాల్సింది చెప్పకుండా తప్పించుకోవడం.

బొబ్బిలి వీణ:
ముందు పిట్ట ఉంది కదా మాస్టారూ. దానికి తగ్గట్టు ఎగరగొట్టాడనే అని ఉంటారు.

టెక్కలి మాస్టారు:
పిట్టకథలో పిట్ట పక్షి అని ఎవరన్నారమ్మా? పిట్టగోడలో ఏ పక్షి ఉంది? రెండుచోట్లా చిన్నది అనే అర్థం. పొట్టి, పిట్ట ఒక తల్లి పిల్లలని నా నమ్మకం.

బొబ్బిలి వీణ:
మరి "పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చింది"లో? అక్కడ పక్షులు లేకపోతే పిల్లికేం పని?

ఉద్దానం కొబ్బరిచెట్టు:
ఇద్దరూ పిట్టల దొరను మర్చిపోయారు. ఖాకీ బట్టలు, కర్ర తుపాకి, నోటినిండా కోతలు. పిట్టకథ అక్కణ్ణుంచే వచ్చిందని నా లెక్క. ఇంకో మాట. జంతువుల వార్తలన్నీ చిన్నవి కావు. మా జీడితోటల్లో ఎలుగుబంటి మనిషి మీద పడితే అది మొదటి పేజీలో రావాల్సిందే. తేలినీలాపురానికి గూడబాతులు రావడం తగ్గినా అంతే. వాటిని ఈ కోతితో కలపకండి.

కంటోన్మెంట్ వాసి:
కోతి మీద నాకు కోపం లేదండీ. దానికోసం లోపలి పేజీకి జరిగిన మనుషుల గురించే బాధ. "దేశమంటే మనుషులోయ్" అన్న గురజాడ ఊళ్లో ఉండి ఇది చూడలేకపోతున్నాను.

టెక్కలి మాస్టారు:
ఆ 'ఓయ్' ఎంత గొప్పదో చూడండి. పలికే కాలాన్ని మాత్రల్లో కొలిస్తే (పొట్టి అక్షరం ఒకటి, దీర్ఘమైనా ఒత్తుకు ముందున్నదైనా రెండు) "దేశమంటే" ఏడు మాత్రలు, "మట్టికాదోయ్" ఏడు. ఓయ్ తీసేసి 'కాదు' అంటే ఒక మాత్ర తగ్గి నడక కుంటుతుంది. పైగా పక్కన కూర్చున్న స్నేహితుణ్ణి పిలిచినట్టుండే ఆ చనువూ పోతుంది. గురజాడ వాడిన ఈ ఛందస్సు, ముత్యాలసరం అంటే నాకు ప్రాణం.

బొబ్బిలి వీణ:
మాత్రలే లెక్కయితే నేనే గెలిచాను! "పిట్టకథ చెప్పి" ఎనిమిది, "ఎగరగొట్టాడు" ఎనిమిది. మీ ఎగ్గొట్టాడు ఏడే.

టెక్కలి మాస్టారు:
ఇంట్లో అనుకునే మాటకు ఛందస్సు ఎందుకమ్మా? నేను గిడుగువారి జిల్లావాణ్ణి, నోటి మాటనే నమ్ముతాను. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టి, సవరల నోట విని వాళ్ల భాషకు నిఘంటువు చేసిన మహానుభావుడు ఆయన. బాబూ, మీ తాతగారి నోట ఆ మాట విన్నవాళ్లు ఇంకా ఎవరైనా ఉంటే అడగండి.

కంటోన్మెంట్ వాసి:
ఇప్పుడే మా మేనత్తకు ఫోను చేశాను. ఎగ్గొట్టాడో ఎగరగొట్టాడో తనకూ గుర్తు లేదట. కానీ తాత అన్నది పిట్టకథ కాదట, 'పిట్టకూత' అట.

బొబ్బిలి వీణ:
అయితే పిట్ట పక్షేనన్నమాట! కానీ కూత అంటే తొమ్మిది మాత్రలవుతాయి. ఉండండి, మళ్లీ లెక్కపెడతాను.