సాలీడు వృషణంలో కదిలే శుక్రకణం ఒక్కటీ లేదు, ఎందుకు?

ప్రశ్న: నియోస్కోనా మగ సాలీడు వృషణాన్ని సెలైన్‌లో చిదిమి చూస్తే అన్నీ గుండ్రటి గుళికలే, తోక ఊపేది ఒక్కటీ లేదు. కణాలు చచ్చిపోయాయా? క్షయకరణ విభజన (క్రోమోసోమ్‌ల సంఖ్యను సగం చేసే కణ విభజన) దశలూ దొరకట్లేదు.

జవాబు 1: చావలేదండీ, చుట్టుకుని ఉన్నాయి. స్పర్మాటిడ్ (ఇంకా పూర్తిగా తయారవని శుక్రకణం) మొదట గుండ్రంగానే ఉంటుంది. ముందువైపు ఎక్రోసోమ్ (అండంలోకి చొరబడేందుకు పనికొచ్చే టోపీ లాంటి భాగం) ఏర్పడుతుంది, కేంద్రకం సన్నగా సాగి అందులోని క్రోమాటిన్ (డీఎన్ఏ పదార్థం) గట్టిపడుతుంది, వెనక కశాభం, అంటే తోక, పెరుగుతుంది. ఇంతా సాగాక కేంద్రకం, కశాభం రెండూ కణం లోపలే చాప చుట్టినట్టు చుట్టుకుపోతాయి. ఆపైన స్రావంతో ఒక తొడుగు. నియోస్కోనాలో ఒక్కో కణానికి ఒక్కో తొడుగు. టరాంటులాల్లో ఒకే తొడుగులో చాలా కణాలు. మగది చిన్న గూడు అల్లి, దానిమీద వీర్యపు బొట్టు వదిలి, పెడిపాల్ప్‌లోకి (నోటి పక్కనుండే చిన్న కాలు లాంటి అవయవం) పీల్చుకునేటప్పుడూ ఇవి చుట్టలుగానే ఉంటాయి. విప్పుకునేది ఆడదాని శరీరంలో చేరాకే. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు అందుబాటులో ఉంటే కశాభం అడ్డుకోత చూడండి: మనకు అలవాటైన 9+2 (చుట్టూ 9 జతల సూక్ష్మనాళికలు, మధ్యలో 2) కాదు, 9+3.

జవాబు 2: విభజన దశలు దొరక్కపోవడానికి కారణం సాలీడు వయసు. బాగా ముదిరిన మగదాంట్లో చాలావరకు తయారైన సరుకే ఉంటుంది. ట్రైకోనెఫిలా క్లావిపెస్ అనే సాలీడులోనైతే పెద్దయ్యాక తయారీ పూర్తిగా ఆగిపోతుంది. చివరి కుబుసానికి ముందున్న మగదాన్ని తీసుకోండి: పాల్ప్ కొన ఉబ్బి నున్నగా ఉంటుంది, గట్టి నల్లటి భాగాలు ఇంకా రావు.

కణాలు ఉబ్బడానికి వృషణాన్ని 0.075 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో 15 నిమిషాలు ఉంచండి. ఎక్కువసేపైతే కణాలు పగిలి క్రోమోసోమ్‌లు చెదిరిపోతాయి, లెక్క తప్పుతుంది. తర్వాత 3 పాళ్లు మెథనాల్, 1 పాలు ఎసిటిక్ యాసిడ్‌లో 20 నిమిషాలు. అప్పటికప్పుడు కలిపిందే వాడాలి. స్లైడ్ మీద 60 శాతం ఎసిటిక్ యాసిడ్ బొట్టులో సూదులతో చిదిమి, 40 డిగ్రీల వేడి పలక మీద ఆ బొట్టును అటూ ఇటూ జరుపుతూ ఆరనివ్వండి. తర్వాత 5 శాతం గీమ్సా రంగు, 25 నిమిషాలు. వృషణంలోని ఒక తిత్తిలో (కణాల గుంపు) ఉన్న కణాలన్నీ ఒకే దశలో ఉంటాయి కాబట్టి ఒక చోట మంచి దశ దొరికితే చుట్టుపక్కలే వెతకండి.

ప్రశ్న వేసినవారు: మొదటి విభజనలో ఎన్ని క్రోమోసోమ్‌లు లెక్కకు రావాలి?

జవాబు 2: మగదానికి మొత్తం 24. మధ్యస్థ దశలో 11 జంటలు, పక్కపక్కనే విడిగా రెండు ఎక్స్‌లు (లింగ క్రోమోసోమ్‌లు), వెరసి 13. ఆ రెండు ఎక్స్‌లూ ఒకే ధ్రువానికి పోతాయి. అందుకే రెండో విభజనలో కొన్ని కణాల్లో 13, కొన్నింట్లో 11 వస్తాయి. 11 కనబడగానే రెండు జారిపోయాయని స్లైడ్ పారేయకండి.