అలారం ఆపడానికి ఫోన్ తీసుకుంటే అరగంట పోతోంది: ఈ అలవాటును అదుపులో పెట్టుకోవడం ఎలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను ఉదయం లేవడానికి ఫోన్‌లోని అలారాన్నే వాడుతున్నాను. దాన్ని ఆపిన మరుక్షణం, రాత్రంతా పేరుకుపోయిన నోటిఫికేషన్లు తెర మీద వరుసగా కనిపిస్తాయి. ఒకదాన్ని తెరుస్తాను, అక్కడి నుంచి వార్తల్లోకి, వార్తల నుంచి చిన్న వీడియోల్లోకి వెళ్లిపోతాను, చివరికి అసలు ఏం చూద్దామని మొదలుపెట్టానో కూడా గుర్తుండదు. పక్క దిగేసరికి అరగంట దాటుతుంది. పోయిన సమయం కన్నా నన్ను ఎక్కువగా బాధిస్తున్నది, ఆ తరువాత చాలాసేపు ఏ పని మీదా మనసు నిలవకపోవడం. ఆఫీసు గ్రూపులో ఎవరో రాసిన ఒక్క వాక్యం పళ్లు తోముకుంటున్నంతసేపూ తలలో తిరుగుతూనే ఉంటుంది.

ఫోన్‌ను వేరే గదిలో పెట్టి పడుకోమని చాలామంది సలహా ఇచ్చారు. నాకది కుదరదు. మా అమ్మగారు ఒంటరిగా ఉంటారు కాబట్టి, ఏ రాత్రివేళ ఆవిడ ఫోన్ చేసినా నేను ఎత్తి తీరాలి. రేపటి నుంచి గట్టిగా ఉండాలి అనుకోవడం వల్ల ప్రయోజనం లేదని తేలిపోయింది. మనోబలం మీద ఆధారపడని మార్గం ఏదైనా ఉంటే దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు

మనోబలాన్ని పక్కన పెట్టడం మంచి ఆలోచనే, ఎందుకంటే ఆ వేళకు అది మనకు అందుబాటులో ఉండదు. మెలకువ వచ్చినంత మాత్రాన మెదడంతా ఒకేసారి తేరుకోదు. నిద్రమత్తు సాధారణంగా పదిహేను నిమిషాల నుంచి అరగంట వరకు ఉంటుంది, నిద్ర చాలనప్పుడు ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. పైగా, ఆలోచించి నిర్ణయం తీసుకోవడానికీ, చేయి ఊరుకోనప్పుడు దాన్ని ఆపడానికీ తోడ్పడే మెదడు ముందుభాగమే అన్నిటికన్నా ఆలస్యంగా తేరుకుంటుంది. ఆ స్థితిలో ఉన్న మనిషి ఎదురుగా ఉన్నది మామూలు వస్తువు కూడా కాదు. పేజీ అడుగుకు చేరితే ఆగిపోవాలన్న స్పృహ మనకు సహజంగా కలిగేది. 2006లో అజా రాస్కిన్ అనే డిజైనర్ రూపొందించిన అంతులేని స్క్రోలింగ్ పద్ధతి ఆ అడుగునే లేకుండా చేసింది. ఆ పని చేసినందుకు ఆయన తరువాతి కాలంలో బహిరంగంగానే విచారం వ్యక్తం చేశారు. ఇక ప్రతిసారీ కాకుండా ఎప్పుడో ఒకసారి, అదీ ఎప్పుడో తెలియకుండా, ఫలితం దక్కే పని త్వరగా మానలేని అలవాటుగా మారుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ జంతువుల మీద చేసిన ప్రయోగాల కాలం నుంచీ తెలిసిన విషయమే. పది పనికిరాని పోస్టుల తరువాత పదకొండోది బాగుంటుంది, అందుకే పన్నెండోది కూడా చూస్తాం.

కాబట్టి ఉదయానికి సంబంధించిన నిర్ణయాలన్నీ ముందురోజు రాత్రే, తెలివిగా ఉన్నప్పుడే, అయిపోవాలి. మీ ఫోన్ ప్రస్తుతం గడియారంగా, అత్యవసర సాధనంగా, కాలక్షేపంగా మూడు పనులు చేస్తోంది. మొదటి పనిని ఒక మామూలు అలారం గడియారానికి అప్పగించండి. ఇది చాలా చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ, నా దృష్టిలో మిగిలినవన్నీ దీని తరువాతే, ఎందుకంటే ఉదయం ఫోన్‌ను తాకడానికి మీకున్న ఏకైక న్యాయమైన కారణం దీనితో తీరిపోతుంది.

రెండవ జవాబు

పై సలహాతో ఏకీభవిస్తూ, మీ అమ్మగారి విషయం గురించి మాత్రం రాస్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ‘డు నాట్ డిస్టర్బ్’ పెడితే అన్ని కాల్స్ ఆగిపోతాయన్నది అపోహ. అందులో మినహాయింపులు ఉంటాయి: ఎంపిక చేసిన వ్యక్తుల కాల్స్ మాత్రమే మోగేలా పెట్టుకోవచ్చు, మిగతావన్నీ మౌనంగా ఉండిపోతాయి. ఆవిడ ఎప్పుడైనా పక్కింటివారి ఫోన్ నుంచి చేయవలసివస్తే ఎలా అన్న సందేహం మీకు రావచ్చు. దానికి మళ్లీ మళ్లీ చేసేవారిని అనుమతించే అమరిక ఉంది; ఒకే నంబరు నుంచి రెండోసారి కాల్ వస్తే, ఐఫోన్‌లో అయితే మూడు నిమిషాలలోపు, ఆండ్రాయిడ్‌లో అయితే పదిహేను నిమిషాలలోపు, అది మోగుతుంది. వెంటనే మరోసారి చేయమని ఆవిడకు ముందుగానే చెప్పి ఉంచండి. రాత్రి ఒక సమయం నుంచి ఉదయం ఒక సమయం వరకు ఇది దానంతట అదే అమల్లోకి వచ్చేలా పెట్టుకుంటే రోజూ గుర్తుంచుకోవలసిన పని ఉండదు.

ఆ తరువాత ఫోన్‌ను గదిలోనే, కానీ చేయి చాపితే అందనంత దూరంలో, ఛార్జింగ్‌కు పెట్టండి. రింగు శబ్దం పూర్తిగా పెంచి ఉంచితే గది అవతలి మూల నుంచి కూడా వినిపిస్తుంది.

యాప్ టైమర్ల మీద మాత్రం నాకు పెద్దగా నమ్మకం లేదు. 2018లో ఆపిల్, గూగుల్ రెండూ వాడకాన్ని కొలిచి పరిమితి విధించే సదుపాయాలు తెచ్చాయి. ఎంత వాడుతున్నామో తెలుసుకోవడానికి అవి బాగానే పనికొస్తాయి. అయితే ఐఫోన్‌లో పరిమితి దాటగానే వచ్చే తెర మీదే ఇంకో పదిహేను నిమిషాలు కావాలా అని అడిగే మీట కూడా ఉంటుంది. దొంగ చేతికే తాళం ఇచ్చినట్టు, ఆపవలసిన మనిషే అక్కడ అనుమతి కూడా ఇస్తాడు.

మూడవ జవాబు

కాస్త భిన్నాభిప్రాయం. ఉదయం ఫోన్ చూస్తే డోపమిన్ (మెదడులో ఉత్సాహాన్ని రేపే రసాయనం) అంతా ఖర్చయిపోయి రోజంతా పాడవుతుందని ఈమధ్య ఎక్కడ చూసినా రాస్తున్నారు. డోపమిన్ ట్యాంకులో నీళ్ల వంటిది కాదు, ఉదయాన్నే వాడేస్తే సాయంత్రానికి అడుగంటడానికి. తెరను చూడడమే దోషమని నేను అనుకోను. అలారం ఆపి అమ్మగారికి ఫోన్ చేసి పలకరించినా అది ఫోన్ వాడకమే కదా. ఏ పని కోసం తీస్తున్నామో తీయకముందే తెలిసి ఉండడం, ఆ పని కాగానే దాన్ని కింద పెట్టగలగడం, ఈ రెండూ ఉంటే ఏ గంటకు తీశామన్నది పెద్ద విషయం కాదు.

ఒక్క సంగతి మాత్రం నిజమే. శరీర గడియారాన్ని సరిచేసే ప్రధాన సంకేతం కంటికి అందే వెలుగు. మబ్బు పట్టిన రోజున కూడా ఆరుబయట వేల లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురు ఉంటుంది, ఇంట్లో దీపాల కింద అది సాధారణంగా కొన్ని వందల లక్స్‌కు మించదు, ఫోన్ తెర నుంచి వచ్చేది అంతకన్నా ఎంతో తక్కువ. కర్టెన్లు మూసిన గదిలో అరగంట స్క్రోల్ చేస్తే వచ్చే నష్టంలో పెద్ద భాగం, ఆ అరగంటా బయటి వెలుగుకు దూరంగా ఉండడమేనని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. రెండోసారి కాల్ మోగే అమరిక ఉందని నాకు తెలియదు, ఈ రాత్రే పెట్టుకుంటాను. అయితే ఆఫీసు గ్రూపు సంగతి ఏం చేయాలి? ఏదైనా అత్యవసరం ఉంటే తెలియాలి కదా అన్న భయంతోనే ముందుగా అదే తెరుస్తున్నాను.

రెండవ జవాబు రాసినవారు

నిజంగా అత్యవసరమైతే గ్రూపులో రాసి ఊరుకోరు, ఫోన్ చేస్తారు. అలా చేయగల ఒకరిద్దరి నంబర్లను కూడా మినహాయింపుల్లో చేర్చుకోండి, భయానికి ఆధారం పోతుంది. ఇక ఆ వాక్యం తలలో తిరగడం గురించి: ఒక పనిని పూర్తిచేయకుండా మరో పనికి మళ్లితే ధ్యాసలో కొంత భాగం వెనకే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రచురించిన వ్యాసంలో చూపారు. మీకు జరుగుతున్నది సరిగ్గా అదే. పక్క మీద పడుకొని జవాబు రాయలేని సందేశాన్ని పక్క మీద చదవడం వల్ల మీకు గానీ ఆఫీసుకు గానీ ఒరిగేది ఏమీ లేదు. వాట్సాప్‌లో గ్రూపును ఎనిమిది గంటలు మ్యూట్ చేసే వీలుంది, కానీ అది రోజూ గుర్తుపెట్టుకొని చేయాలి. దానికన్నా ఆ గ్రూపును ఆర్కైవ్ చేయండి. కొత్త సందేశాలు వచ్చినా అది చాట్ల జాబితాలో పైకి రాదు, మీరు బల్ల ముందు కూర్చున్నాక తెరిచి చూడవచ్చు.