నాలాంటి వాళ్ల గ్రూపుకు వెళ్తే మేలు జరుగుతుందా?

ప్రశ్న (తెనాలి):
నాకు బైపోలార్, అంటే మూడ్ విపరీతంగా పైకీ కిందికీ మారే జబ్బు. దానికి లిథియం అనే మందు వాడుతున్నాను, మళ్లీ ఉద్యోగంలో చేరాను. డాక్టర్ గారు పీర్ సపోర్ట్ గ్రూపుకు, అంటే మానసిక జబ్బులున్నవాళ్లే కలిసి ఒకరికొకరు తోడుగా ఉండే గ్రూపుకు, వెళ్లమంటున్నారు. అమ్మేమో "పదిమంది బాధలు వింటే నీకు తిరగబెడుతుంది" అంటోంది. వెళ్లినవాళ్లు చెప్పండి.

జవాబు (వరంగల్):
తమ్ముడూ, నాది స్కిజోఫ్రీనియా. పక్కన ఎవరూ లేకపోయినా నాకు మాటలు వినిపిస్తాయి. మందులతో చాలా తగ్గాయి, పూర్తిగా పోలేదు. బస్సులో వాటికి జవాబివ్వాలనిపిస్తే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడమని గ్రూపులో ఒక బ్యాంకు ఉద్యోగి చెప్పారు. ఆయనకూ వినిపిస్తాయి. అప్పటినుంచి ఒంటరిగా ప్రయాణం చేస్తున్నాను. ఇప్పుడు కొత్తవాళ్ల పక్కన నేను కూర్చుంటాను, ఓపీకి తోడు వెళ్తాను, వికలాంగుల కార్డు దరఖాస్తు నింపిస్తాను. ఒకరికి పనికొచ్చిన రోజు నాకు నిద్ర బాగా పడుతుంది.

అమ్మగారి భయం ఊరికే కాదు. నాకూ బరువనిపించిన వారాలున్నాయి, అప్పుడు వెళ్లను. మందులు మార్చమని, మానమని చెప్పే గ్రూపైతే వెంటనే బయటికి వచ్చేయండి.

జవాబు (హైదరాబాద్):
గుజరాత్ ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో, జబ్బు నుంచి కోలుకున్నవాళ్లనే పీర్ సపోర్ట్ వాలంటీర్లుగా పెట్టారు. మనదగ్గరా పెట్టాలి. గ్రూపు లేని రోజున టెన్షన్ ఎక్కువైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

ప్రశ్న అడిగినవారు:
అక్కా, అమ్మను తీసుకెళ్లొచ్చా?

వరంగల్:
నడిపేవాళ్లను ముందే అడగండి. మా దగ్గరైతే ఇంటివాళ్లను వేరే గదిలో కూర్చోబెట్టి మాట్లాడతాం.