పైడిభీమవరం వస్తున్నాం: ప్రభుత్వ బడిని టెన్త్ పర్సంటేజీ చూసి ఎంచుకోవచ్చా?

కొత్తకాపురం
హైదరాబాద్ నుంచి జూన్‌లోపు పైడిభీమవరం మారుతున్నాం. పాప అయిదుకి, బాబు ఎనిమిదికి వస్తారు. ఇల్లు రణస్థలంలోనైనా సరే, భోగాపురం వైపైనా సరే, విజయనగరం టౌన్‌లోనైనా సరే. ఇద్దరినీ ప్రభుత్వ బడిలోనే వేస్తాం, దాని మీద చర్చ వద్దు. హైస్కూళ్ల పాస్ శాతాలు దొరికాయి. అవి కాక ఇంకేం చూడాలి?

గంటస్తంభం
ఇంకేమీ చూడక్కర్లేదు. బయటివాళ్లు దిద్దే పేపరు పదో తరగతిది ఒక్కటే. మిగతావన్నీ బడివాళ్లు తమ గురించి తాము చెప్పుకునేవి. పార్వతీపురం మన్యం చూడండి, 2024లో 96.37, 2025లో 93.90, రెండుసార్లూ రాష్ట్రంలో మొదటి స్థానం. రంగులేసిన గోడలు చూసి ఆ జిల్లాని ఎవరైనా ఊహించేవారా? అంకె అబద్ధం చెప్పదు.

నాగావళి గట్టు
అంకె అబద్ధం చెప్పదు గానీ సగమే చెబుతుంది. పన్నెండు మంది రాసి పన్నెండు మందీ పాసైతే నూరు శాతం. నూట నలభై మందిలో నూట పద్దెనిమిది మంది పాసైతే 84. రెండో బడే మంచిదేమో! శాతం పక్కన ఎంతమంది రాశారో చూడాలి, నిరుడు తొమ్మిదిలో ఎంతమంది ఉన్నారో అది కూడా చూడాలి. తొమ్మిదిలో అరవై మంది ఉండి పదిలో నలభై ఎనిమిది మందే రాస్తే ఆ పన్నెండు మంది ఏమయ్యారని అడగండి. యూడైస్ ప్లస్ అని కేంద్రం నడిపే బడుల వివరాల సైట్ ఉంది, అందులో స్కూల్ రిపోర్ట్ కార్డు అందరికీ కనబడుతుంది. మన రాష్ట్రానిదైతే బడి కోడ్ 28తో మొదలయ్యే పదకొండు అంకెలు. తరగతివారీ సంఖ్య, టీచర్ల సంఖ్య అందులోనే ఉంటాయి.

మన్యం సంగతికొస్తే, ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు, కస్తూర్బాలు ఎక్కువున్న జిల్లా అది. పిల్లలు అక్కడే ఉండి పొద్దున్నా రాత్రీ స్టడీ అవర్లు చదువుతారు. ఆ ఫలితాన్ని ఇంటి నుంచి నడిచి వెళ్లే బడికి కొలబద్ద చేస్తే ఎలా?

వంశధార
మధ్యాహ్నం భోజనం టైముకి వెళ్లండి. అంతే.

నాగావళి గట్టు
వంశధార గారు ఒక్క ముక్కలో తేల్చేశారు, కొంచెం విప్పి చెప్తాను. బోర్డు మీద రోల్ (బడిలో పేరున్న పిల్లలు), హాజరు, భోజనం చేసినవారు అని మూడు అంకెలు రాస్తారు. రోల్ 212, హాజరు 190, భోజనం 96 అని ఉంటే సగం మంది క్యారేజీలు తెచ్చుకుంటున్నారని అర్థం. వంట ఏజెన్సీకి బిల్లు ఆలస్యమైన నెలల్లో పప్పు పలచబడుతుంది, గుడ్డు చిన్నదవుతుంది. అంకెలు మూడూ అచ్చంగా ఒకటే ఉంటే ఇంకా అనుమానించాలి, కంచాలు లెక్కపెట్టుకోండి.

ఇంటర్వెల్లో ఆడపిల్లల బాత్రూములు చూడండి. నీళ్లొస్తున్నాయా అన్నదానికంటే తాళం ఎవరి దగ్గరుందో ముఖ్యం. తాళం స్టాఫ్ రూమ్‌లో ఉంటే పిల్లలు అడగలేక పొద్దుటి నుంచి నీళ్లే తాగరు.

అన్నిటికంటే ముఖ్యం నోటు పుస్తకాలు. హెచ్‌ఎం గారు చూపించేది ఫస్టొచ్చే పిల్లదే అయివుంటుంది. హాజరు పట్టీలో 7, 15, 23 నంబర్ల పిల్లలవి చూపించమనండి. 402లో 178 తీసెయ్యమంటే పిల్లాడు 376 అని రాశాడనుకోండి. అంటే ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తున్నాడు, అప్పు తెచ్చుకోవడం రాలేదు. దాని మీద ఉత్త ఇంటూ గుర్తుందా, లేక పక్కన సున్నాకి అప్పు ఎక్కడి నుంచొస్తుందో రాసి, కింద పిల్లాడు మళ్లీ చేసి 224 తెచ్చాడా? ఈ రెంటి మధ్యే బడి నాణ్యతంతా ఉంది. క్లాసంతా ఒకే వ్యాసం, ఒకే అక్షర దోషంతో కనిపిస్తే అది బోర్డు మీంచి దించుకున్నది.

గంటస్తంభం
ఎర్ర ఇంకు చూసి బడి జాతకం చెప్పేస్తారన్నమాట. ముగ్గురు పిల్లల పుస్తకాలు ఏ లెక్కన సరిపోతాయి? నూట నలభై మంది పరీక్ష పేపర్లు చాలవుట గానీ, మూడు నోటు పుస్తకాలు చాలుతాయిట!

చీపురుపల్లి చిన్నోడు
పని చెప్తా. రెండు రాష్ట్రాల వ్యవహారం కనక పాత బడివాళ్లు యూడైస్‌లో పిల్లల్ని డ్రాప్ బాక్స్‌లోకి (బడి వదిలినవాళ్ల జాబితా) వదలాలి, కొత్త బడివాళ్లు పెన్ నంబరుతో (విద్యార్థి శాశ్వత నంబరు) లాగాలి. టీసీ కాగితం ఇచ్చేసి అక్కడ వదలడం మర్చిపోతారు, అప్పుడు ఇక్కడ పేరెక్కదు, కిట్టూ రాదు. టీసీ తీసుకున్న రోజే ఎదురుగా కూర్చుని చేయించండి. టీసీ రాలేదని చేర్చుకోకపోవడం మాత్రం కుదరదు, విద్యాహక్కు చట్టం సెక్షన్ 5. బాబుకి మోడల్ స్కూల్ అనుకుంటే, అక్కడ ప్రవేశ పరీక్ష ఆరో తరగతికి. ఎనిమిదిలో ఖాళీ ఉంటేనే మాట.

సుద్దముక్క
పదహారేళ్లుగా ఈ ఉద్యోగంలో ఉన్నదాన్ని కాబట్టి ఒక మాట. సంతలో బెండకాయ చివర విరిచి చూసినట్టు బడిని చూస్తున్నారు మీరంతా. టీచరు పాఠం చెప్తుంటే ఊరూపేరూ తెలీని మనిషి వచ్చి పదిహేనో నంబరు పిల్లాడి పుస్తకం తియ్యమంటే ఎలా ఉంటుంది? తనిఖీకి ఎంఈవో ఉన్నారు, యాప్‌లున్నాయి, ఫొటోలున్నాయి. ఇప్పుడు మీరొకరా.

నిజంగా చూడాల్సింది స్టాఫ్. హైస్కూల్లో తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, పీఎస్ (ఫిజికల్ సైన్స్), బీఎస్ (బయలాజికల్ సైన్స్), సోషల్, పీఈటీ (ఆటల టీచరు). ఒక్కో పేరు ఎదురుగా మనిషి ఉన్నారా, ఎన్నేళ్లయింది? ఎనిమిదేళ్లు నిండితే బదిలీ తప్పనిసరి, హెచ్‌ఎంకి అయిదేళ్లే. లెక్కల మాస్టారు బాగా చెప్తారని చేర్చుకుంటారు, ఆయనకి ఏడేళ్లు నిండి ఉంటాయి. మీ బాబు పదికొచ్చేసరికి ఆయన ఉండరు. కొత్త డీఎస్సీ వాళ్లు 2025 అక్టోబరులో చేరారు, వాళ్లైతే కొంతకాలం ఉంటారు.

నాగావళి గట్టు
స్టాఫ్ మాట ఒప్పుకుంటాను, నేను రాయాల్సింది. కానీ తల్లిదండ్రులు రావద్దంటే ఎలా టీచరు గారూ? అదే విద్యాహక్కు చట్టం సెక్షన్ 21లో మేనేజ్‌మెంట్ కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలని ఉంది. మినిట్స్ పుస్తకం తీస్తే చాలాచోట్ల సంతకాలన్నీ ఒకే కలంతో, ఒకే రోజున ఉంటాయి. రానివ్వనిదే అలా అవుతుంది.

సుద్దముక్క
రమ్మంటే ఎవరొస్తున్నారు? కూలి మానుకుని వచ్చే తల్లులు ఇద్దరు. మీలాంటి చదువుకున్నవాళ్లు మినిట్స్ పుస్తకంలో తప్పులు పట్టడానికి వస్తారు, కమిటీలో కూర్చోమంటే టైము లేదంటారు.

గంటస్తంభం
టీచర్ల పిల్లలు ఎక్కడ చదువుతున్నారో అది కూడా సెలవివ్వండి.

సుద్దముక్క
ఏ చర్చలోనైనా నాలుగో పేజీలో ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు, ఈసారి మొదటి పేజీలోనే వచ్చింది. సరే, మనసులో మాటే చెప్తాను. పాప అయిదో తరగతి అన్నారు. ఇల్లు ఏ ఊళ్లో తీసుకున్నా కిలోమీటరులో ఒక ప్రైమరీ ఉంటుంది. పదిహేడు మంది పిల్లలు, ఒక్క టీచరు ఉండొచ్చు. మీ లిస్టు పట్టుకుంటే ఆ బడి మొదటి పేజీలోనే ఎగిరిపోతుంది. మీరు పాపని నాలుగు కిలోమీటర్ల అవతల తరగతికో టీచరున్న మోడల్ ప్రైమరీకి ఆటోలో పంపుతారు. మిమ్మల్ని చూసి పక్కింటివాళ్లూ పంపుతారు. రోల్ పడిపోతుంది, రేషనలైజేషన్‌లో (పిల్లల సంఖ్యని బట్టి టీచర్లని సర్దడం) పోస్టు పోతుంది. మిగిలేది ఆటోకి డబ్బుల్లేని వాళ్ల పిల్లలు. 2022లో 117 జీవోతో మూడు, నాలుగు, అయిదు తరగతులు హైస్కూళ్లకి తోసినప్పుడు చూశాం కదా ఏమైందో, మళ్లీ 2025లో వెనక్కి తీసుకున్నారు. జీవో చేసిన పనే మీరూ చెయ్యబోతున్నారు, కాకపోతే చెక్‌లిస్టు పట్టుకుని.

గంటస్తంభం
అదీ, ఇప్పుడు బయటపడింది. మీ కోపం పర్సంటేజీ మీదా కాదు, నోటు పుస్తకాల మీదా కాదు. అసలు ఎంచుకోవడమే తప్పంటున్నారు. పోస్టు నిలబెట్టడానికి ఒకరి పిల్లని కూర్చోబెట్టాలా?

నాగావళి గట్టు
గంటస్తంభం గారితో మొదటిసారి ఏకీభవిస్తున్నా, నాకే ఇబ్బందిగా ఉంది. పాపకి ప్రైమరీలో మిగిలింది ఒక్క ఏడాది. ఒక్కరే అయిదు తరగతులు చెప్తుంటే అయిదో తరగతికి రోజుకి గంట దక్కడం కష్టం. ఆ టీచరు సెలవు పెట్టిన రోజు సీఆర్‌ఎంటీ (క్లస్టర్ రిసోర్స్ మొబైల్ టీచరు) వస్తారా, పక్క బడి నుంచి పంపుతారా, ఎవరూ రారా? అదొక్కటి అడగండి చాలు.

సుద్దముక్క
పదిహేడు మందిలో ఎవరికి అప్పు తీసివేత రాదో ఆ ఒక్క టీచరుకీ పుస్తకం తియ్యకుండానే తెలుస్తుంది. మీ 15వ నంబరు ఎవరో నలభై మంది క్లాసులో టీచరుకి గుర్తుండదు. మీరు వెతికే ఎర్ర ఇంకు మా దగ్గర అక్కర్లేదు.

పైడమ్మ తల్లి
ఏటండి బావూ ఈ గోల. ఆయనడిగిందేటి, మీరు సెప్తున్నదేటి. పదహారో నంబరు హైవే దాటకుండా యెల్లే బడేదో సూసుకోమనండి ముందు. అటు ఇల్లు ఇటు బడి అయితే రోజుకి రెండుసార్లు లారీల మధ్య. అండర్‌పాస్ ఎంత దూరంలో ఉందో నడిసి సూడాలి, మేప్‌లో కాదు.

కొత్తకాపురం
ఇంత రాస్తారనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. సుద్దముక్క గారన్న చిన్న బడిని కూడా చూస్తాం, మాట ఇవ్వలేను. ఏప్రిల్ మొదట్లో ఒక శనివారం నాకు సెలవు, ఆరోజు వచ్చి రెండు మూడు బడులు తిరిగి పుస్తకాలు చూస్తాను.

సుద్దముక్క
శనివారం రాకండి. నో బ్యాగ్ డే. పుస్తకాలన్నీ ఇంటి దగ్గరుంటాయి.