సమస్య: సంగటిని లోటతోఁ బోసె జాణ యొకతె

ఇది అనంతపురంలో మా చిన్నమ్మ ఇంట్లో జరిగింది. పిండికి రెండింతలు నీళ్లు అని అవ్వ చెప్తే, పిండిని చిన్న గ్లాసుతోనూ నీళ్లను లోటాతోనూ కొలిచారు. కట్టెతో ఎంత గెలికినా ముద్ద కాలేదు. అందులోంచే తేటగీతి అనే పద్య ఛందస్సులో ఈ పాదం పుట్టింది. ముద్దగా రావాల్సిన సంగటిని లోటాతో పోసినామె జాణ ఎట్లవుతుంది? ఇదే చివరి పాదంగా, అర్థం కుదిరేట్టు పై మూడు పాదాలు రాసి పూరించండి.

ఆదోని అన్న:

పిండి యొక లోట, నీరేమొ బిందె నిండ
అమ్మ చెప్పిన కొలతయే యనుచుఁ బోసి,
ఉడికి యుడికియు ముద్దగా నొదగకున్న
సంగటిని లోటతోఁ బోసె జాణ యొకతె

నడక హాయిగా ఉంది. పిండి, బిందె యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం, అంటే నాలుగో అక్షరాల గుంపు, మొదటి అక్షరం జత కుదరడం) చెవికి ఇంపుగా ఉంది. కానీ ఆమె జాణతనం ఏదన్నా? ఆ మాట తేలలేదు.

గుత్తి తమ్ముడు:

అవ్వ సోలకుఁ గోడలి కప్పు వేరు
తెలియ కెసరెక్కువైపోయి తేలిపోవ
చుట్టములు నవ్వ మజ్జిగ చుక్క కలిపి
సంగటిని లోటతోఁ బోసె జాణ యొకతె

తమ్ముడూ, మొదటి పాదంలో యతి తప్పింది. నాలుగో గణం ‘క’తో మొదలైంది, ‘అ’కు అది కుదరదు. ‘అవ్వ సోలకుఁ గప్పుకు నంతరమ్ము’ అంటే యతి నిలుస్తుంది, రెండో పాదంలోని ‘తెలియక’కూ చక్కగా అతుకుతుంది. భావం మాత్రం చాలా నచ్చింది. సోల పాతకాలపు కొలపాత్ర. నాలుగు గిద్దలు ఒక సోల, అది ఊళ్లో అందరికీ ఒకటే. కప్పు అట్లా కాదు, ఇంటికో సైజు. పైగా పలచనైన సంగటిని పారబోయకుండా మజ్జిగతో అంబలి చేసింది. జాణ అంటే ఈమే.

ప్రొద్దుటూరు అక్క:

చేయి కాలునో యని లోటఁ జేతఁ బట్టి
తడిపి నీటను, ముద్దను దాన నింపి,
బోర్ల వేయఁగ గుండ్రమై పొంకమలర
సంగటిని లోటతోఁ బోసె జాణ యొకతె

అక్కా, ఇది నాకు తట్టనే లేదు! మేమంతా ‘పోసె’ అంటే నీళ్లలా పోయడమే అనుకున్నాం. మీరు విగ్రహాన్ని పోత పోసినట్టు సంగటిని పోశారు. సంగటి గట్టిగానే ఉంది, కొలతా తప్పలేదు, సమస్య విడిపోయింది. ‘పొంకమలర’ ఒక్కటే పాదం నింపడానికి వచ్చినట్టుంది. అక్కడ పళ్లెం కనబడితే ఇంకా బాగుండేది.

అక్క జవాబు: మారుస్తానన్నా. లోటా తడిగా ఉంటే ముద్ద అంటుకోదు, మా ఇంట్లో రోజూ ఇట్లనే చేస్తాం. మీ చిన్నమ్మకు చెప్పండి.