వోల్టేజీ పెరిగితే భారం ఇంటి ఇన్వర్టర్ మీదా, లైన్ మీదా?

పైకప్పు సోలార్:
కొత్త ఇన్వర్టర్‌లో వోల్ట్-వార్ సెట్టింగ్ ఆన్‌లోనే ఉండాలంటున్నారు. వోల్టేజీ పెరిగినప్పుడు ఇన్వర్టర్ రియాక్టివ్ పవర్ (పని చేయకుండా లైన్లో అటూ ఇటూ ఊగే పవర్) లాగి దాన్ని దించాలట. 5 కేవీఏ ఇన్వర్టర్ 0.9 పవర్ ఫ్యాక్టర్‌లో నడిస్తే, అంటే సామర్థ్యంలో 90 శాతమే అసలు పవర్ అయితే, 4.5 కిలోవాట్లకు మించి ఇవ్వలేదు. నాకు డబ్బొచ్చేది యూనిట్లకే. వోల్టేజీ చూసుకోవాల్సింది లైన్ వాళ్లు కాదా?

రిలే గది:
ఆ అర కిలోవాట్ కోత రోజంతా ఉండదండీ. ప్యానెళ్లు పూర్తి పవర్ ఇచ్చేది కాసేపే. మిగతా సమయంలో ఇన్వర్టర్‌లో ఖాళీ ఉంటుంది, రియాక్టివ్ పని అందులోనే సరిపోతుంది. 230 మీద 10 శాతం పరిమితి ఉన్నచోట 253 దాటితే ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది. కొంచెం పోవడం నయమా, మొత్తం పోవడం నయమా?

లెక్కల మనిషి:
చిన్న లెక్క వేద్దాం. ఇంటికొచ్చే సన్నటి తీగ రానూపోనూ రెసిస్టెన్స్ 0.5 ఓమ్, రియాక్టెన్స్ (ఏసీ కరెంటుకు అయస్కాంత ప్రభావంతో వచ్చే అడ్డు, రియాక్టివ్ లాగితే వోల్టేజీ దిగేది ప్రధానంగా దీనివల్లే) 0.1 ఓమ్ అనుకోండి. 5 కిలోవాట్లు బయటికి పంపితే దాదాపు 22 ఆంపియర్లు, వోల్టేజీ సుమారు 11 వోల్టులు పెరుగుతుంది. పవర్ ఫ్యాక్టర్ 0.9కి మారిస్తే పవర్ తగ్గినందుకు 1 వోల్టు పైచిలుకు దిగుతుంది. 2.2 కేవీఏఆర్ (రియాక్టివ్ పవర్ కొలత) లాగినందుకు దిగేది 1 వోల్టు లోపే! సగానికి పైగా పని చేసింది కోతే. తీగలో కరెంటు మాత్రం తగ్గదు, వేడీ అంతే.

రిలే గది:
మీ లెక్క తీగ దగ్గరే ఆగింది. పైన ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, దాంట్లో రియాక్టెన్సే ఎక్కువ. వీధంతా తలా కాస్త లాగితే అక్కడ వోల్టేజీ బాగానే దిగుతుంది.

సబ్‌స్టేషన్ షిఫ్ట్:
లాగే రియాక్టివ్ పై నుంచే రావాలి కదా. మిట్టమధ్యాహ్నం ఫీడర్‌లో (సబ్‌స్టేషన్ నుంచి వీధులకు వచ్చే లైన్‌లో) కిలోవాట్లు సున్నాకు దగ్గర, కేవీఏఆర్లేమో పెరుగుతూ పోతాయి. పవర్ ఫ్యాక్టర్ మీటర్ చూస్తే టెన్షనే. అయినా నా ఓటు వోల్ట్-వార్‌కే. మబ్బు వచ్చిపోయే వేగాన్ని ట్యాప్ ఛేంజర్ (ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మెట్లు మెట్లుగా మార్చేది) అందుకోలేదు, తిప్పినకొద్దీ అరుగుతుంది కూడా.

2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ చీకటైంది చూడండి. స్పెయిన్‌లో చాలా సోలార్, విండ్ ప్లాంట్లు స్థిర పవర్ ఫ్యాక్టర్‌లో నడిచేవి. వోల్టేజీని బట్టి రియాక్టివ్‌ను మార్చే పని వాటికి అప్పగించలేదు. వోల్టేజీ పెరిగి ప్లాంట్లు ట్రిప్ అవుతుంటే, ఆ ట్రిప్పులతో వోల్టేజీ ఇంకా పెరిగింది. కారణాలు చాలానే ఉన్నాయనుకోండి, ఇదొక పెద్దది.

పైకప్పు సోలార్:
అవి పెద్ద ప్లాంట్లు సార్. నా గొడవ వేరు. సెట్టింగ్ అందరికీ ఒకటే, వోల్టేజీ ఒకటి కాదు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కింట్లో 238 ఉంటే ఫీడర్ చివరున్న నాకు 250. కోత నా ఒక్కడికే!

లెక్కల మనిషి:
ఇది న్యాయమైన మాట. ముందు ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ చూడమనండి. సాయంత్రం లోడ్ కోసం ఎప్పుడో పైకి పెట్టి వదిలేసి ఉంటారు. 2.5 శాతం ఒక్క మెట్టు దించితే దాదాపు 6 వోల్టులు, ఎవరికీ కోత ఉండదు.

సబ్‌స్టేషన్ షిఫ్ట్:
దించితే రాత్రి అదే చివరింటికి వోల్టేజీ చాలదు. రాత్రి రియాక్టివ్ ఇవ్వగల ఇన్వర్టర్లూ ఉన్నాయి, వాటితో కొంత సర్దుకోవచ్చు.

పైకప్పు సోలార్:
రాత్రి కూడా నా ఇన్వర్టరేనా? అయితే కేవీఏఆర్‌కు రేటు కట్టండి, సెట్టింగ్ నేనే ఆన్ చేస్తాను.