బల్లకి ఎన్ని ఘనపుటడుగుల చెక్క? నా లెక్క ఎక్కడ తప్పింది?

ప్రశ్న: మొదటిసారి సొంతంగా రాతబల్ల చేస్తున్నాను. పైపలక 60 అంగుళాల పొడవు, 30 వెడల్పు, 1 మందం. గుణిస్తే 1800, దాన్ని 1728తో (ఒక ఘనపుటడుగులో ఉండే ఘనపుటంగుళాలు) భాగిస్తే 1.04 ఘనపుటడుగులు. చెక్క అమ్మే ఆయన 1.30 అంటున్నాడు. మోసపోతున్నానేమోనని ఒకటే టెన్షన్.

జవాబు: మోసం కాదండీ, ఆయన లెక్క సరైనదే. చిత్రిక పట్టి నున్నగా చేశాక అంగుళం మిగలాలంటే అంగుళంపావు పలక కొనాలి. 60 × 30 × 1.25 అంటే 2250, భాగిస్తే 1.30. డబ్బు కట్టేది కోత కొలతకే, అంటే చిత్రిక పట్టకముందు ఉన్న కొలతకే. నేనైతే దాని మీద ఇంకో 20 శాతం వేసుకుంటాను. పలక చివర గోటితో గీసి చూడండి, వెంట్రుకంత పగులు తగులుతుంది. అది లోపలికి నాలుగంగుళాలు పోయి ఉండొచ్చు. ఆ ముక్క కోసి పారేయాల్సిందే, దాని డబ్బూ మనదే. ధర అడిగేటప్పుడు కోత కూలి అందులో కలిసిందో లేదో కూడా అడగండి.

మరో జవాబు: దుంగ కొంటే లెక్క వేరు. చుట్టుకొలతలో నాలుగో వంతుని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తారు. 4 అడుగుల చుట్టు, 10 అడుగుల పొడవు ఉంటే 10 ఘనపుటడుగులు. అసలు ఘనపరిమాణం 12.7 దాకా ఉంటుంది. ఆ తేడా బెరడుకీ కోత పొట్టుకీ వదిలేసినట్టు.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండీ. కాళ్లకి మళ్లీ లెక్కేశాను. 28 అంగుళాలవి నాలుగు, వెడల్పూ మందమూ 3 బదులు 3.25 వేస్తే 0.58 కాస్తా 0.68 అయింది. రేపు టేపు పట్టుకుని వెళ్తున్నాను.